సాల్మన్ మిట్ట

నంద్యాలలో బ్యాండు మేళం మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్ళు ముందుగా అడిగే మాట ఒకటే: "సాల్మన్ రాజు వస్తాడా?" వస్తాడంటే తాంబూలం చేతిలో పెట్టేవాళ్ళు. రాడంటే ముహూర్తమే మార్చుకున్న మహానుభావులు ఉన్నారని చెప్పుకుంటారు. అందులో సగం అబద్ధమే అనుకున్నా మిగతా సగం చాలు, ఒక మనిషి తలెత్తుకుని బతకడానికి. ఎర్రకోటు, భుజాల మీద జరీ కుచ్చులు, చేతిలో తళతళలాడే ట్రంపెట్. అతను ఊదుతూ ముందు నడుస్తుంటే వెనక గుర్రం మీది పెళ్లికొడుకు ముఖం చూసేవాళ్ళే తక్కువ.

అంతటి సాల్మన్ రాజుకు ఎక్కలేని మిట్ట ఒకటి ఉండేది. చేనులోనో అడవిలోనో కాదు, పాటలో. దానికి పేరు కూడా ఉంది, సాల్మన్ మిట్ట. పెట్టినవాడు ఫ్రాన్సిస్. పోటీ మేళంలో ట్రంపెట్ ఊదేవాడు, నోటిదురుసు మనిషి. బ్యాండు వాళ్ళలో ఎవడైనా చేతగాని పనికి దిగితే, "అది సాల్మన్ మిట్ట లేప్పా, వదిలేయ్" అనేవాడు. కొన్నాళ్ళకు ఆళ్లగడ్డ నుంచి శిరివెళ్ల దాకా మేళగాళ్ళందరూ అదే అనడం మొదలుపెట్టారు. మంచి పేరు కాళ్ళీడ్చుకుంటూ వస్తుంది గానీ ఎగతాళి పేరు బస్సెక్కి వస్తుంది.

ఆ మిట్ట కథ చెప్పాలంటే మైకుసెట్టు దుకాణంతో మొదలుపెట్టాలి. సాల్మన్ రాజు మీసం వచ్చీరాని వయసులో బస్టాండు వెనక సందులో, అతన్ని అన్నా అని పిలిచే కుర్రాడు రాజశేఖర్ వాళ్ళ నాయన ఆ దుకాణం నడిపేవాడు. పెళ్ళిళ్ళకు, తిరునాళ్ళకు గొట్టం మైకులు కట్టి రికార్డుల మీద సినిమా పాటలు వేసేవాడు. ఒకే వీధిలో రెండు పెళ్ళిళ్ళయితే ఒకరి రికార్డులు ఇంకొకరి పెట్టెలోకి పోతాయని, ప్రతి రికార్డు నడిమధ్య ఉన్న కాగితం మీద తన దుకాణం పేరున్న చీటీ అంటించేవాడు. మైకుసెట్టు వాళ్ళందరిదీ అదే పద్ధతి. కింద ఏం రాసుందో ఎవరికి కావాలి, పాట మోగితే చాలు.

ఆ రోజుల్లోనే ఊరి చర్చి మిషన్ బంగళా ఖాళీ చేసి వెళ్ళిపోతున్న దొరలు పాత సామాన్లు పంచిపెట్టారు. అందులో ఒక రికార్డు మైకుసెట్టు దుకాణానికి చేరింది. దుకాణంలోవన్నీ చిన్న రికార్డులు. ఇది దోసె పెనమంత ఉంది. అట్టను చెదలు తినేయగా పేరూ ఊరూ పోయాయి, ఒక బొమ్మ మిగిలింది: నల్లటి మనిషి, ఉబ్బిన బుగ్గలు, పైకెత్తిన ట్రంపెట్. "ఈయప్ప మా పేట మనిషి మాదిరే ఉండాడే!" అన్నాడు సాల్మన్ రాజు. రాజశేఖర్ వాళ్ళ నాయన దానికీ చీటీ అంటించి, రికార్డులు తిప్పే మిషన్ మీద పెట్టాడు.

ఇక ఆ దుకాణంలో గాలి మారిపోయింది. పాడే మనిషి లేడు, అన్నీ వాయిద్యాలే. డప్పులు ఒక పక్క తరుముతుంటే బాకాలు ఇంకో పక్క పరుగు. చర్చి పాట, కల్లుపాక పాట ఒకే కడుపున పుట్టినట్టుంది. అందులో మూడో పాట, నల్లటి మనిషి ఒక్కడే ఊదేది, సాల్మన్ రాజు గుండెలో దిగబడిపోయింది. పెళ్ళిళ్ళు లేని మధ్యాహ్నాలన్నీ దాని ముందే కూర్చుని, ముక్క ముక్కగా పెదవికెక్కించుకున్నాడు. పేలాలు వేగినట్టు చిటపటమనే స్వరాలు. గుక్క తిప్పుకునే సందు లేదు. అయినా పట్టాడు, ఒక్క చోటు తప్ప. పాట సగానికి వచ్చాక ఆ మనిషి కింద నుంచి పైకి ఒక్క ఉరుకున ఎక్కుతాడు. ఎంత పైకంటే, సాల్మన్ రాజు ట్రంపెట్‌లో అసలు అంత పైన స్వరం ఉందా అని అనుమానం వచ్చేంత పైకి.

ఉక్రోషం కొద్దీ ఆ పాటను ఒక పెళ్ళిలో ఎత్తుకున్నాడు. ఆళ్లగడ్డ నాలుగు రోడ్ల కూడలిలో రెండు ఊరేగింపులు ఎదురయ్యాయి. ఎదురైతే ఏ మేళమూ దారివ్వదు. ఎవరికి ముందు ఊపిరి ఆగితే వాళ్ళు పక్కకు తొలగాలి, అది మర్యాద. ఎదుటివైపు ఫ్రాన్సిస్. జనం రెండు వైపులా కిక్కిరిసి ఉన్నారు. సాల్మన్ రాజు ఆ పాట ఎత్తుకోగానే ఫ్రాన్సిస్ ముఖం పాలిపోయింది, అలాంటిది వాడెప్పుడూ వినలేదు. తీరా ఆ ఎక్కుడు వచ్చింది. సాల్మన్ రాజు గుండెల నిండా ఊపిరి బిగబట్టి ఎక్కాడు. నడిమధ్యలో గొంతు పట్టేసిన కోడిపుంజులా ట్రంపెట్ కీచుమంది, ఆగిపోయింది. ఫ్రాన్సిస్ నవ్వాడు. నవ్వి, సరిగ్గా అక్కడి నుంచి ఒక సినిమా పాట అందుకున్నాడు. నంద్యాల మేళం పక్కకు తొలగింది.

ఆ తర్వాత ఎన్నో పెళ్ళిళ్ళలో సాల్మన్ రాజు ఆ పాట ఊదాడు, మిట్ట మొదటి దాకా. అక్కడికి రాగానే చల్లగా సినిమా పాటలోకి జారుకునేవాడు. జనానికి తెలియదు. మేళగాళ్ళకు తెలుసు. అందరికంటే అతనికి తెలుసు. ఎంత మంది పొగిడినా, "ఆ నల్లాయప్ప ముందర నేను సగం మనిషినే" అని భార్య కరుణమ్మతో అనేవాడు. ఆమెకు ఈ గోల అర్థమయ్యేది కాదు. "సగం మనిషికే ఇంత గీర ఉంటే పూర్తి మనిషివైతే తట్టుకోలేం" అనేది.

కరోనా వచ్చింది. పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. జరిగినవి కూడా దొంగతనంగా జరిగినట్టు గుట్టుగా జరిగాయి. మేళంలో ఒకడు ఆటో తోలడానికి పోయాడు, ఇంకొకడు కూరగాయల బండి పెట్టాడు. యుఫోనియం అనే పెద్ద బాకా ఊదే జాషువా పోయాడు, ఏకంగా పోయాడు. అతని శవం వెనక ఒక్క బాకా అయినా మోగలేదు. ఊళ్ళో అందరి శవాల ముందూ ఊదిన మనిషికి ఊదేవాళ్ళు లేకపోయారు. ఆ బాధ తీరకముందే సాల్మన్ రాజుకు జ్వరం వచ్చింది. ఆస్పత్రి, ఆక్సిజన్, బోర్లా పడుకోవడం. బతికి ఇల్లు చేరాడు గానీ, మంచం నుంచి వాకిటికి నడిస్తే ఆయాసం.

డాక్టరు ఒక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చాడు. దాంట్లో మూడు రంగుల గోళీలు. గొట్టం నోట్లో పెట్టుకుని ఊపిరి లాగితే గోళీలు పైకి లేవాలి. ఒక్కటంటే ఒక్కటి సగం లేచి టక్కున పడింది. సాల్మన్ రాజు ఆ డబ్బాను పక్కకు నెట్టేశాడు.

"కరుణమ్మా, అటక మీద నుంచి ట్రంపెట్ దించు. చర్చికి ఇచ్చేయ్. ఎవురైనా పిల్లోళ్ళు నేర్చుకుంటారు."

"నేర్చుకునేవాళ్ళు వచ్చినప్పుడు చూద్దాం. ముందు ఆ గోళీ లేపు."

"గోళీ లేపలేనోడికి బాకా ఎందుకే? చందన పెళ్ళికి వస్తానని మాటిచ్చినాను, అదొక్కటే దిగులు. రాజశేఖర్‌కు వేరే మేళం చూసుకోమని చెప్పు."

చందన రాజశేఖర్ కూతురు. రాజశేఖర్ తండ్రి పోయాక దుకాణాన్ని ఆళ్లగడ్డకు మార్చుకున్నాడు. కూతురు పుట్టిన రోజునే, "దీని పెళ్ళికి నువ్వే ఊదల్లన్నా" అని సాల్మన్ రాజు దగ్గర మాట తీసుకున్నాడు. ఆ పెళ్ళి కరోనా వల్ల ఒకసారి ఆగి, మళ్ళీ ముహూర్తం పెట్టుకుంది. కరుణమ్మ ట్రంపెట్‌ను అటక మీద నుంచి దించింది. దించి, చర్చికి ఇవ్వకుండా బియ్యం డ్రమ్ము వెనక దాచింది. కబురు కూడా పంపలేదు. ఆమెకు మొగుడి మాట వినడం ఎప్పుడు మానేయాలో బాగా తెలుసు.

అక్కడ ఆళ్లగడ్డలో రాజశేఖర్‌కు పనిలేదు. పనిలేని మంగలి పిల్లి తల గొరిగాడన్నట్టు, గోడౌనులో అటకెక్కిన పెట్టెలన్నీ దించి తుడవడం మొదలుపెట్టాడు. అప్పుడు అందరికీ శానిటైజర్ పిచ్చి. తాళాలకు, పాల ప్యాకెట్లకు చల్లినట్టే రికార్డుల మీద కూడా చల్లి తుడిచాడు. దోసె పెనమంత రికార్డు మీద చల్లేసరికి, వాళ్ళ నాయన అంటించిన చీటీ నానిపోయి మెల్లగా ఊడి వచ్చింది. కింద అసలు కాగితం. ఇంగ్లీషు అక్షరాలు, పక్కన ఒక అంకె. ముప్పైమూడు.

రాజశేఖర్ ఆ అంకె వంక చూశాడు. మిషన్ వంక చూశాడు. వేగం మార్చే మీట మీద గట్టిపడిపోయిన లక్క ముద్ద ఉంది. అది తన చిన్నప్పటి నుంచీ ఉంది. స్క్రూ డ్రైవర్‌తో దాన్ని పగలగొట్టి, నూనె వేసి, మీట తిప్పాడు. పాట విన్నాడు. విని, మిషన్‌ను, మంచి స్పీకరును మోపెడ్‌కు కట్టుకుని నంద్యాల దారి పట్టాడు. శిరివెళ్ల దగ్గర పోలీసులు ఆపి ఇదేమిటని అడిగితే, "మందు సార్, మా అన్నకు" అన్నాడట.

సాల్మన్ రాజు ఇంటి ముందు మోపెడ్ ఆగగానే కరుణమ్మ చీపురు అడ్డం పెట్టింది. "ఏం రాజశేఖరా, రోగాలొచ్చే కాలంలో ఊర్లు పట్టుకోని తిరుగుతాండావే! గడప దాటొద్దు."

"దాటను లే వదినా. మిషన్ గడప బయటే పెడ్తా. పాటకైతే మాస్కు అక్కర్లేదు కదా?"

కిటికీ పక్కన మంచం మీద సాల్మన్ రాజు, బయట అరుగు మీద మిషన్. ముల్లు రికార్డు మీద దిగింది. కొద్దిసేపటికి లోపలి నుంచి విసుగ్గా గొంతు వినబడింది.

"ఆపప్పా! కరెంటు తక్కువొస్తాంది. మోటారు లాగలేక ఏడుస్తాంది."

"కరెంటు బాగుందన్నా. మిషనూ బాగుంది. ఇన్నేండ్లు మనమే బాగలేం."

రాజశేఖర్ సంగతంతా చెప్పాడు. ఎప్పుడో శిరివెళ్లలో ఒక పెళ్ళిలో అప్పగింతల పాట వేస్తుంటే, ఎవడో తుంటరి మీట తిప్పాడట. పాడుతున్న ఆడగొంతు దున్నపోతు గొంతయింది. ఏడుస్తున్న పెళ్లికూతురు పకపకా నవ్వింది. అప్పగింతల్లో కూతురు నవ్వితే ఏ తల్లి ఊరుకుంటుంది? మైకుసెట్టాయనను, అంటే రాజశేఖర్ వాళ్ళ నాయనను, చెడామడా దులిపేశారు. ఆయన ఇంటికొచ్చి, తన చిన్న రికార్డులన్నీ తిరిగేది నిమిషానికి నలభై అయిదు చుట్ల వేగంతోనే కాబట్టి, మీటను అక్కడ పెట్టి లక్క కరగబోసి సీలు వేశాడు. ముప్పైమూడు చుట్లు తిరగాల్సిన పెద్ద రికార్డు ఆ దుకాణంలో అడుగుపెట్టిన రోజు నుంచీ నలభై అయిదుతోనే తిరిగింది. మనిషి గొంతు ఉంటే ఆ రోజే తెలిసిపోయేది. బాకా గొంతుకు వయసెవరికి తెలుసు?

సాల్మన్ రాజు లేచి కూర్చున్నాడు. "అంటే ఆయప్ప అంత బిర్రున ఊదలేదా?"

"ఊదలేదన్నా."

"అంత పైకి?"

"పోలేదన్నా. ఈ లోకంలో ఎవురూ పోలేదు. నువ్వొక్కడివే దాని ఎంటబడినావ్."

సాల్మన్ రాజుకు మొదట ఒళ్ళు మండింది. పోయిన మైకుసెట్టాయనను, లక్కను, శిరివెళ్ల పెళ్లికూతురును కలిపి తిట్టాడు. తిట్టడానికి కూడా ఊపిరి చాలక ఆయాసపడ్డాడు. ఆ తర్వాత, "మల్ల పెట్టు. మొదట్నుంచీ" అన్నాడు.

మొదటి నుంచీ విన్నాడు. ఉరుకులు పరుగులనుకున్న పాటలు తీరుబడిగా, ధీమాగా నడుస్తున్నాయి. చిటపటలనుకున్న స్వరాలు ఒక్కొక్కటి నిండుగా, దేని చోట అది ఉంది. ఇది తను నలభై ఏళ్ళు ప్రేమించిన రికార్డే, ఇప్పుడే మొదటిసారి వింటున్న రికార్డే. దాన్ని హార్డ్ బాప్ అంటారని, జాజ్ సంగీతంలో అదొక పద్ధతి అని రాజశేఖర్ ఫోన్‌లో చూసి చెప్పబోతే చేయి ఎత్తి ఆపాడు. మూడో పాట వచ్చింది. నల్లటి మనిషి ఒంటరిగా ఎత్తుకున్నాడు. మిట్ట దగ్గరికి వచ్చాడు.

"ఆపు! ముల్లు రోంత వెనక్కి పెట్టు."

మళ్ళీ పెట్టారు. ఈసారి కరుణమ్మకు కూడా వినబడింది. మిట్ట ఎక్కబోయే ముందు, రెండు స్వరాల సందులో, చిన్న శబ్దం. మనిషి గుక్క తీసుకున్న శబ్దం. గొట్టం మైకుల రొదలో, నలభై అయిదు వేగంలో ఎన్నడూ వినబడనిది.

సాల్మన్ రాజు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు. "ఈయప్పకు కూడా ఊపిరి కావల్లా కరుణమ్మా! నేను ఒక్క దమ్మున ఎక్కల్లనుకుంటి. ఆయప్ప నిలబడి, గుక్క తీసుకోని ఎక్కినాడు."

ఆ సాయంత్రం డబ్బాలో గోళీ పైదాకా లేచింది. కరుణమ్మ బియ్యం డ్రమ్ము వెనక నుంచి ట్రంపెట్ తెచ్చి మంచం మీద పెట్టింది.

రాజశేఖర్ మిషన్‌ను అక్కడే వదిలిపోయాడు. సాల్మన్ రాజు మళ్ళీ పిల్లవాడిలా దాని ముందు కూర్చున్నాడు. మొదట్లో వేళ్ళు పాత చోట్లకే పోయేవి. అతని శబ్దం పైన, రికార్డు కింద. తనకు తనే నవ్వుకునేవాడు. నాలుగు స్వరాలు ఊది, కాసేపు పడుకుని, మళ్ళీ నాలుగు. ఎక్కడెక్కడ ఆ మనిషి గుక్క తీసుకున్నాడో అక్కడక్కడ తనూ తీసుకున్నాడు. ఊపిరి తక్కువైనవాడికే ఊపిరి విలువ తెలుస్తుంది. దమ్మున్న రోజుల్లో ఇదే రికార్డు సరిగ్గా విన్నా ఆ గుక్కను పట్టించుకునేవాడు కాదేమో. సంక్రాంతి దాటి మాఘం వచ్చేసరికి మూడు గోళీలూ లేస్తున్నాయి, పాట మిట్ట దాకా కాదు, మిట్ట దాటి చివరిదాకా వస్తోంది.

చందన పెళ్ళి ఆళ్లగడ్డలో. కరుణమ్మ వదులైపోయిన ఎర్రకోటుకు కుట్లు వేసి ఇచ్చింది. మేళానికి మనుషులు చాల్లేదు. ఫ్రాన్సిస్ మేళానికీ అదే గతి. చివరికి రెండు మేళాలూ ఒక్కటై, ఒకప్పుడు ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. ఫ్రాన్సిస్ జుట్టంతా నెరిసింది. నోరు మాత్రం నెరవలేదు.

ఊరేగింపు నాలుగు రోడ్ల కూడలికి వచ్చింది. సాల్మన్ రాజు చెయ్యెత్తి మేళాన్ని ఆపి, ఆ పాట ఎత్తుకున్నాడు. ముప్పైమూడు వేగంతో, తీరుబడిగా. మిట్ట వచ్చింది, గుక్క తీసుకున్నాడు, ఎక్కాడు, దిగాడు. జనం చప్పట్లు కొట్టారు. ఫ్రాన్సిస్ మాస్కు గడ్డం కిందికి లాగాడు.

"ఏం సాల్మనూ, మిట్టను బుల్డోజరుతో చదును చేసినావా? ఇంత నిమ్మళంగా, ఇంత కింద ఊదితే మా మనవడు కూడా ఎక్కుతాడు."

రాజశేఖర్ కోపంగా ముందుకు వచ్చాడు, లక్క కథ చెప్పడానికి. సాల్మన్ రాజు అతని భుజం పట్టి ఆపాడు.

"నువ్వు గమ్మునుండప్పా. వాడు చెప్పేది నిజమే. వాడు నవ్వింది ఈ మిట్టను చూసి కాదు." పెదవులు తుడుచుకుని డ్రమ్ము వాళ్ళ వైపు తిరిగాడు. "పాత వేగం. నేను ఆపేదాకా ఆపొద్దండి."

డ్రమ్ములు తరిమాయి. పేలాలు చిటపటమన్నాయి. లోకంలో ఎవరూ ఎన్నడూ ఊదని ఆ పాటను, ఒక లక్క ముద్ద పుట్టించిన ఆ పాటను, సాల్మన్ రాజు తన పాత ఎత్తులో, పాత ఉరుకులో అందుకున్నాడు. కారులోంచి చందన తల బయట పెట్టింది. కరుణమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. మిట్ట మొదలు వచ్చింది. కన్ను మూసి తెరిచేంత సందు. ఆ సందులో గుక్క తీసుకున్నాడు.

ఎక్కాడు. కీచుమన్న చోటు దాటాడు. ఇంకా ఎక్కాడు. చిట్టచివరి స్వరం కూడలి మీద నిలబడింది. వణకలేదు. అంగళ్ళలో ఉన్నవాళ్ళు బయటికి వచ్చారు. అతను అక్కడ కాస్త ఆగి, చుట్టూ చూసుకున్నట్టు ఆగి, అప్పుడు అవతలి వైపు దిగడం మొదలుపెట్టాడు. మిట్ట అవతలి పాటను ఆ వేగంలో ఆళ్లగడ్డే కాదు, అతను కూడా తన ట్రంపెట్‌లోంచి ఎన్నడూ వినలేదు. సినిమా పాటలోకి జారకుండా చివరి స్వరం దాకా ఊదాడు.

ముగిసేసరికి ఆయాసంతో మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగాడు. కరుణమ్మ పరుగున వచ్చింది. అతను నవ్వుతున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె అతన్ని అలా నవ్వగా చూడలేదు. "పూర్తి మనిషినేనా?" అని అడిగాడు. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఇంగ నిన్ను ఎవురు తట్టుకుంటారో" అంది.

ఫ్రాన్సిస్ దగ్గరికి వచ్చాడు. మేళగాడు మేళగాడిని అడగకూడని మాట ఒకటుంది, పట్టు ఎక్కడుందని. అడిగితే ఓడిపోయినట్టే.

"గుక్క యాడ తీసుకున్యావప్పా?" అని అడిగాడు ఫ్రాన్సిస్.

కారులోంచి చందన అరిచింది. "పెదనాయనా, ఇంగోసారి!"

సాల్మన్ రాజు నిటారుగా నిలబడ్డాడు. "నీ బాకా ఎత్తు ఫ్రాన్సిస్. ఇద్దరం కొడదాం. నిమ్మళంగానే."

ఇద్దరూ ఎత్తుకున్నారు. ఫ్రాన్సిస్ తడబడుతూ వెంట వచ్చాడు. మిట్ట మొదట్లో సాల్మన్ రాజు ట్రంపెట్‌ను రవ్వంత పక్కకు తీసి, ఫ్రాన్సిస్‌కు కనబడేలా తల తిప్పి, నోరు తెరిచి గుక్క తీసుకున్నాడు.